నల్లది నాకు, వెండిది ఆమెకు

పోయిన వారం మిమ్మల్ని ఆళ్ళగడ్డ బస్టాండులో, నంద్యాల బస్సు మెట్టు మీద నాతోపాటు నిలబెట్టి వదిలేశాను. కోపం వచ్చి ఉంటే మన్నించండి. ఆ రోజు నాకున్న కోపం ముందు మీది ఏపాటిది లెండి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు సుమలత. ఆళ్ళగడ్డలో పాత్రల అంగడి జనార్దనం శెట్టి అంటే ఎవరైనా చూపిస్తారు, ఆయన పెద్దకోడలిని నేను. మా మామ ఇప్పుడు నంద్యాలలో రెండో అంగడి తెరవబోతున్నాడు. రెండుచోట్ల సరుకూ ఎప్పటికప్పుడు తెలియాలంటే చేత్తో మోసుకుపోయే కంప్యూటర్ ఒకటి ఉండాలని మా మరిది జయంత్ నచ్చజెప్పాడు. కొంటే గట్టిదే కొనాలి, నాసిరకం కొని ఏడ్వకూడదు అన్నాడు మామ. అక్కడితో ఆగి ఉంటే ఈ గొడవే లేదు. కోడళ్ళిద్దరూ నంద్యాలకు పోయి చెరొకటి ఎంచమన్నాడు. పెద్దకోడలు ముందు ఏరుకోవాలి, మిగిలింది చిన్నకోడలిది. ఎవరు ఎంచింది తనకు నచ్చితే దాన్ని కొంటాడు, ఆ కోడలే నంద్యాల అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చుంటుంది. ఇంత మాటను పెరుగన్నం కలుపుకుంటూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పి చెయ్యి కడుక్కున్నాడు.

మా ఇంట్లో ఆడవాళ్ళు గల్లా ముందు కూర్చున్నది ఇంతవరకూ లేదు. పెళ్ళైన మరుసటి ఏడు నుంచి నేను అంగడి వెనక గదిలో, అట్టపెట్టెల మధ్య కూర్చుని పాత కంప్యూటర్‌లో టాలీ లెక్కలు కొడుతున్నాను. ముందు ఎవరు వచ్చారో, ఏం బేరమాడుతున్నారో గొంతులు వినడమే కానీ మనిషి మొహం చూసింది లేదు. రుద్రవరం నుంచి, అహోబిలం నుంచి జనం పెళ్ళిసామాను కొనడానికి గుంపులుగా వస్తారు, ఎగతాళి చేసుకుంటారు, నవ్వుకుంటూ పోతారు. ఆ నవ్వులన్నీ నాకు గోడ అవతలే. నాకు ఆ కుర్చీ కావాలి. పట్టుచీర అక్కర్లేదు, గొలుసు అక్కర్లేదు, రోడ్డు కనిపించే ఆ కుర్చీ కావాలి. నా బతుకులో ఇంత గట్టిగా ఇంకేదీ కోరుకోలేదు.

అది నాకు దక్కకుండా పోవడానికి భూమ్మీద ఒక్క మనిషి చాలు. ఆ మనిషి నా తోడికోడలు హిమబిందు.

జయంత్‌ను కట్టుకుని మా ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు ఆ పిల్ల. ఎంసీఏ చదివింది. పుట్టి పెరిగింది నంద్యాలలోనే. ఆమెకు తలనొప్పి వస్తే మా అత్త లక్ష్మీకాంతమ్మ మిరియాల చారు కాచి గది దాకా మోసుకెళ్ళింది. నాకు జ్వరం వస్తే, ఎండన పడి తిరిగినావేమో ఇంత మజ్జిగ తాగమని పెరట్లోంచి కేక వేసింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా. చెవులకు ఎంత మండుతుందో మాత్రం చెప్పకుండా పోయారు.

బస్సు ఎక్కగానే కిటికీ పక్క సీటు ఒకటి దొరికింది. కూర్చో అక్కా అని నాకే ఇచ్చింది బిందు. నాకు ఒళ్ళు మండింది. తనే లాక్కుని కూర్చుని ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకైనా దొరికేది. ఈ పిల్లతో వచ్చిన తంటా ఇదే, తప్పు పట్టుకోవడానికి సందివ్వదు. శిరివెళ్ళ మెట్ట దాటేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పక్కకు తోసేద్దామా అనుకున్నాను. కండక్టర్ మావైపే చూస్తున్నాడని ఊరుకున్నాను. నిద్రలో కూడా చక్కగానే ఉంది, నోరు తెరవలేదు, గురక పెట్టలేదు.

కంప్యూటర్ల షాపు సంజీవనగర్ గేటు దగ్గర ఒక మేడ మీద ఉంది. నడిపే అతని పేరు చంద్ర. మా కోసమే హైదరాబాదు నుంచి రెండు ల్యాప్‌టాప్‌లు తెప్పించి పెట్టాడు. మమ్మల్ని చూడగానే లేచి నన్ను రండి మేడమ్ అన్నాడు, ఆమెను ఏం బిందూ ఎట్లుండావ్ అన్నాడు. ఇద్దరూ ఒకే కాలేజీ అట. నాకూ ఆమెకూ నాలుగేళ్ళే తేడా, నేను మేడమ్, ఆమె బిందు. కుర్చీ కూడా ఆమెకే ముందు తుడిచాడు. నాకు వేసిన కుర్చీ తుడవాల్సిన పని లేదేమో మరి.

గాజు బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఐబీఎం వాళ్ళది, నల్లది. రెండోది సోనీ వాళ్ళది, వెండి రంగు. దేని ధరకైనా రెండు మోటారు సైకిళ్ళు వస్తాయి. ధరల్లో తేడా చెప్పుకోదగ్గది కాదు, కాబట్టి గుణాలు చూసి ఎంచుకోవాల్సిందే అన్నాడు చంద్ర.

నల్లదాని సంగతి ముందు చెప్పాడు. మీటలు లోతుగా, గట్టిగా ఉంటాయి, రోజంతా కొట్టినా వేళ్ళు అలసిపోవు. తెర మెరవదు, అందువల్ల పగటి వెలుతురులో కూడా మన మొహం మనకు కనబడకుండా అక్షరాలే కనబడతాయి. మూత బందులు ఇనుపవి. మీటల మీద నీళ్ళు ఒలికితే కిందకు జారిపోవడానికి దారి ఉంది. బ్యాటరీ ఇంకోదానికన్నా గంట ఎక్కువ వస్తుంది. మే నెలలో ఆళ్ళగడ్డలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి బ్యాటరీ దగ్గర నేను రెండుసార్లు అడిగాను. మీటల మధ్య ఎర్రటి చిన్న బొత్తాం ఒకటి ఉంది, వేలితో అటూ ఇటూ నొక్కితే తెర మీద బాణం కదులుతుంది. నాకది కుదరలేదు. బిందు వేలు పెట్టగానే కుదిరింది.

వెండిది మూత తెరిచేసరికి షాపంతా వెలుగొచ్చినట్టయింది. తెర అంత తేటగా ఉంది. చంద్ర అందులో అహోబిలం జలపాతం ఫోటో పెట్టి చూపించాడు, నీళ్ళ తుంపర విడివిడిగా కనిపించింది. మెమొరీ రెట్టింపు. ఒకేసారి నాలుగు పనులు తెరిచినా ఆగదు. సీడీ రాస్తుంది. మందం ఎంత తక్కువంటే పెళ్ళిళ్ళలో పంచే స్టీలు టిఫిన్ పళ్ళెం గుర్తొచ్చింది నాకు. దుమ్ము సంగతేమిటని అడిగాను. రెండింటికీ దుమ్ము సరిపడదు, గుడ్డ కప్పాల్సిందే అన్నాడు.

అన్నీ చూశాక నాకొక కష్టం కనబడింది. రెండింటికీ కుడిపక్కన అంకెల మీటలు విడిగా లేవు. ఇన్నేళ్ళుగా నా కుడిచెయ్యి చూడకుండానే ఆ మీటల మీద నడుస్తుంది. పై వరసలో అంకెలు వెతుక్కుంటూ కొట్టాలంటే గల్లా ముందు జనం నవ్వుతారు. ఎలా అడగాలా, అడిగితే పాతకాలం మనిషి అనుకుంటారా అని నేను తటపటాయిస్తుండగానే బిందు అందుకుంది. అక్క అంకెలు చాలా వేగంగా కొడుతుంది, ఆమెకు విడిగా అంకెల మీటల పలక ఒకటి ఇవ్వాలి అని చంద్రకు చెప్పింది. యూఎస్‌బీది ఉంది, ఊరికే ఇస్తానన్నాడు అతను. నా కష్టం ఆమె నోట్లోంచి రావడం నేను భరించలేకపోయాను. నన్ను మెచ్చుకుంది కూడా, అది ఇంకా భరించలేకపోయాను.

ఉన్నమాట చెప్తున్నాను, నాకు వెండిదే నచ్చింది. దాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నట్టు, వచ్చినవాళ్ళు ముందు దాన్నీ తర్వాత నన్నూ చూసినట్టు అనుకున్నాను కూడా. ముందు ఏరుకునే హక్కు నాదే. నోరు తెరిచి ఇది నాది అంటే అయిపోయేది.

అనలేదు. అప్పటికే ఆ పిల్ల చెయ్యి దాని మీద ఉంది. ఇష్టమైన వస్తువును ముట్టుకున్నప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో బిందు మొహం అలా ఉంది. నేను అడిగితే సరే అక్కా అని నవ్వుతూ ఇచ్చేస్తుంది, ఇచ్చి మంచిదనిపించుకుంటుంది. ఆమె ఇస్తే తీసుకోవడం నాకు చేతకాదు. దానికి తోడు నా దగ్గర ఒక ఎత్తు ఉంది.

మా మామకు తూకం పిచ్చి. బరువుంటే సరుకు, బరువు లేకుంటే రేకు, ఆయనకు తెలిసిన సూత్రం అంతే. బిందె కొంటే వేలి కణుపుతో కొట్టి, చేత్తో ఎత్తి, కాటా మీద పెడితే గానీ నమ్మడు. ఇంటికి టీవీ కొన్నప్పుడు షాపువాడు వద్దని మొత్తుకుంటున్నా రెండు టీవీలను కాటా ఎక్కించి బరువున్నదాన్ని తెచ్చాడు. అది పదేళ్ళుగా ఒక్కసారి కూడా పాడవలేదు. దాంతో ఆయన నమ్మకం ఇంకా గట్టిపడింది. ఈ సంగతి కొత్తగా వచ్చిన బిందుకు తెలియదు, నాకు తెలుసు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్నందుకు నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే, దాన్ని కాస్తా ఆ రోజు బయటికి తీశాను.

రెండింటినీ చేత్తో ఎత్తి చూశాను. నల్లది బరువు.

"నల్లది నాకు" అన్నాను.

బిందు నావైపు తిరిగి చూసింది. "నిజంగానా అక్కా? నీకు వెండిది నచ్చినట్టుండాదే."

నా మొహం చూసి చదివేసింది చూడండి. నల్లదే అని గట్టిగా చెప్పాను. అయితే తనకు వెండిది అంది, కళ్ళు మెరిశాయి. పాపం అనుకున్నాను. ఓడిపోబోతున్న మనిషిని చూసి పాపం అనుకోవడంలో ఎంత సుఖం ఉందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

రెండింటినీ అట్టపెట్టెల్లో సర్ది చంద్ర మాతో పాటే ఆటోలో వచ్చాడు. మా కొత్త అంగడి గాంధీచౌక్ దగ్గర. వెళ్ళేసరికి మామ, మా ఆయన మహేశ్, జయంత్ ముగ్గురూ లోపల ఉన్నారు. వడ్రంగులు అన్నానికి వెళ్ళారు. అరలు సగం నిండాయి, గోడలు ఇంకా రంగు వాసన కొడుతున్నాయి. గాజు కౌంటర్ వెనక టేకు కుర్చీ, దాని మీద కప్పిన కొత్త తువ్వాలు, తువ్వాలు అంచుకు పసుపు. శుక్రవారం పూజ అయ్యేదాకా ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోకూడదు. మా ఇంట్లో అదొక పట్టింపు. కొత్త అంగట్లో గల్లా కుర్చీ మీద తొలిసారి ఎవరు కూర్చుంటారో అంగడి వాళ్ళ చేతి మీదే నడుస్తుందని నమ్ముతారు. అందుకే పూజ చేసి, పెద్దవాడు తన చేత్తో ఆ మనిషిని కూర్చోబెట్టాలి. ఆళ్ళగడ్డ అంగట్లో మా మామను వాళ్ళ నాయన అలాగే కూర్చోబెట్టాడట. ఇక్కడ వడ్రంగులు కూడా ఆ కుర్చీకి దూరంగా చుట్టూ తిరిగి పని చేసుకుంటున్నారట. నేను దాని వైపు ఒక్కసారి చూసి కళ్ళు తిప్పుకున్నాను. ఎక్కువసేపు చూస్తే నా ఆశ అందరికీ కనబడుతుందేమోనని భయం వేసింది.

చంద్ర రెండింటినీ కౌంటర్ మీద పెట్టి మొదటి నుంచీ చెప్పబోయాడు. మామ చెయ్యి ఎత్తి ఆపాడు. కొత్త ఎలక్ట్రానిక్ కాటా మీది ప్లాస్టిక్ కవరు లాగేసి దాన్ని పైన పెట్టు అన్నాడు. చంద్రకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. చార్జరుతో కలిపా అని అడిగాడు పాపం. చార్జరు తరుగు కింద తీసెయ్యమన్నాడు మామ. ముందు వెండిది పెట్టారు. కిలో ఏడువందలు చూపించింది. తర్వాత నల్లది పెట్టారు. రెండు కిలోలు దాటి ఇంకో మూడువందల చిల్లర ఆగింది.

ఈ వస్తువుల్లో తేలికగా ఉండటమే గొప్ప, బరువు తగ్గించడానికే కంపెనీలు ఎక్కువ ఖర్చు పెడతాయి అని చంద్ర చెప్పి చూశాడు. మామ ఓపిగ్గా విన్నాడు.

"చూడప్పా, గాలికి దుడ్లు ఇచ్చేటోణ్ణి గాదు నేను" అన్నాడు.

తర్వాత వేలి కణుపుతో వెండిదాని మూత మీద కొట్టాడు. చంద్ర ఉలిక్కిపడ్డాడు. నల్లదాని మీద కొట్టాడు, చెవి దగ్గర పెట్టి విన్నాడు, తల ఊపాడు. అరచెయ్యి దాని మీద వేసి, ఇది సరుకు, ఎవరు ఎంచారని అడిగాడు. నేనని చెప్పాను. నువ్వేననుకున్నా అన్నాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ నోటి వెంట అంత తీపి మాట నేను వినలేదు. బిందు వైపు చూశాను. నేల వైపు చూస్తోంది. నా గుండెలో ఎవరో చక్కెర పంచుతున్నట్టుంది. వచ్చే శుక్రవారం ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

మామ చెయ్యి నల్లదాని మీద నుంచి తియ్యలేదు. ఇంకో చెయ్యి చాపి వెండిదాని మీద పెట్టాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు, బేరం తేల్చే ముందు ఎప్పుడూ అలా నిలబడతాడు.

"రెండూ కొందాం" అన్నాడు. "బరువు బిందె ఇంట్లో ఉంటాది, చెంబు మనిషితో పోతాది. నల్లది ఆళ్ళగడ్డలో పెడదాం, గట్టి సరుకు, సుమ చేతిలో భద్రంగా ఉంటాది. తేలికది ఈడికి. తిరిగేదానికి వీలుగా ఉంటాది. బిందు కూసుంటాది ఈడ."

మా ఆయన వెంటనే అదే సరి నాయనా అన్నాడు. అంత వెంటనే ఆయన దేనికీ ఒప్పుకోగా నేను చూడలేదు.

ముందు ఏరుకునే హక్కు నాది. వెండిది నా కళ్ళ ముందే ఉంది, నాకు నచ్చింది కూడా. దాన్ని నేనే ఆమె వైపు తోశాను. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నేనైతే కొలతలు చూసుకుని మరీ తీసుకున్నాను. తప్పు నాదే అని తెలిస్తే కోపం తగ్గాలి కదా, నాకు తగ్గలేదు. నల్లదాన్ని ఎత్తి కౌంటర్ కేసి కొడదామన్నంత మంట పుట్టింది. ఆ పిల్ల వెండిదాన్ని తీసి గుండెకు ఆనించుకుని నిలబడింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఆ ఎత్తుకోవడమేమిటి.

నచ్చినది ఎవరిదైతే వాళ్ళే కూర్చుంటారని మీరే అన్నారు కదా అని మామను అడిగాను. అన్నానని ఒప్పుకున్నాడు. అప్పుడు ఒకటే కొనాలనుకున్నాం, ఇప్పుడు రెండు కొంటున్నాం, లెక్క మారింది అన్నాడు. వెనక గదిలో ఇన్నేళ్ళు గోడకు మొహం పెట్టి పని చేశానని చెప్పాను. ఆ పని బాగా చేస్తున్నావు కాబట్టే అక్కడే ఉండమంటున్నాను అన్నాడు. మెచ్చుకుని పాతరేయడం అంటే ఇదే.

"నాకు ఈడ కూసోవాలని ఉండాది మామా."

ఆ మాట నేను అంతకుముందు ఎవరితోనూ అనలేదు, మొగుడితో కూడా. బయటి మనిషి చంద్ర ముందు, మరిది ముందు, తోడికోడలి ముందు అనేశాను. అని, సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయనే అందుకున్నాడు.

"నీకెందుకు సుమా ఈడ? ఆళ్ళగడ్డలో ఇల్లు ఎవురు చూస్తారు? గమ్మునుండు."

గమ్మునే ఉండేదాన్నేమో, అలవాటే కదా. కానీ బిందు అప్పుడు నావైపు జాలిగా చూసింది. కొద్దిసేపటి కిందట నేను ఆమెను చూసిన చూపు అదే. అరికాలి మంట నెత్తికెక్కింది. కౌంటర్ చివర ఎత్తే పలక ఒకటి ఉంటుంది, దాన్ని ఎత్తాను. లోపలికి వెళ్ళాను. కుర్చీ మీది తువ్వాలు తీసి మడిచి పక్కన పెట్టాను. కూర్చున్నాను.

రోడ్డు కనిపించింది. ఎదుటి మందుల షాపు, దాని ముందు ఆగిన ఆటో, మల్లెపూలు మూరలు కొలుస్తున్న ఒక ముసలామె. ఆమె తలెత్తి నావైపు చూసింది కూడా. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

"ల్యాయ్ ఆడ్నుంచి" అన్నాడు మామ.

"ల్యావను."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. మొహం మాత్రం ఇటుకరంగుకు తిరిగింది. జయంత్ దేవుడి పటం వైపు చూసి లెంపలు వేసుకున్నాడు. మా ఆయన కౌంటర్ దాకా వచ్చి, నాలుగు వేళ్ళు గాజు మీద పెట్టి, ఏం చేస్తున్నావో తెలుసా అని పళ్ళ సందుల్లోంచి అడిగాడు. తెలుసన్నాను. మామ ఆయన్ని పక్కకు జరిపి నా ఎదురుగా నిలబడ్డాడు. పూజ కాకముందే, పెద్దవాడు పిలవకముందే కూర్చోవడం నీ బుద్ధి కాదు, ఎవరో చెప్పి ఉంటారు, ఎవరు చెప్పారో చెప్పు అన్నాడు. నా సొంత బుద్ధితో నేను ఒక పని చెయ్యగలనని కూడా ఆయనకు అనిపించలేదు. ఎవరూ చెప్పలేదు, నేనే కూర్చున్నాను అందామని నోరు తెరిచాను.

"నేనే చెప్పినా మామా" అంది హిమబిందు.

ఆమె నాకు ఏమీ చెప్పలేదు. బస్సులో నిద్రపోయింది, షాపులో మీటలు నొక్కింది, ఆటోలో ఎండ ఎక్కువైందంది. అబద్ధం ఆడుతోంది, అదీ కళ్ళార్పకుండా. నడిచి వచ్చి వెండిదాన్ని నా ముందు, గాజు మీద పెట్టింది. నువ్వు లేవొద్దక్కా అంది.

కృతజ్ఞత పుట్టాలి కదా మనిషికి. నాకు పుట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన ఒక్క మొండిపని అది. దాన్ని కూడా ఆ పిల్లే తన ఖాతాలో వేసుకుంది. ఇప్పుడు ఈ కుర్చీలో నేను నిలిచినా ఆమె వల్లే, లేచినా ఆమె వల్లే. నీ దానం నాకు అక్కర్లేదని అందరి ముందూ చెప్పాను.

"దానం గాదక్కా" అంది. "నేను కూసున్నా ఈడ నాలుగు నాళ్ళే. శ్రావణం దాటినాక ఈ కుర్చీ ఎవురిదో బావకు తెలుసు. బావ మాటిచ్చినాడు. నన్ను కూసోబెడితే, రేపు ల్యాయమన్నప్పుడు అడ్డం చెప్పలేనని ఆయప్ప లెక్క. నువ్వు కూసుంటే, పెండ్లాన్ని ల్యాపి ఇంకోరికి ఇయ్యలేడు."

జయంత్ బిందూ అని వారించాడు. ఆపమన్నాడే గానీ అబద్ధమనలేదు. అంటే అతనికీ తెలుసు. అట్టపెట్టెలు చంకలో పెట్టుకుని చంద్ర మెల్లగా మెట్లు దిగి బయటికి వెళ్ళిపోయాడు. మామ తన పెద్దకొడుకు వైపు తిరిగాడు. బిందె అడుగున చిల్లు ఉందేమోనని వెలుతురుకు ఎత్తి చూసేటప్పుడు కళ్ళు అలాగే చిట్లిస్తాడు.

"ఎవురికిరా మాటిచ్చినావ్?"

మా ఆయన నావైపు చూడలేదు. గాజు మీద ఉన్న తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. ఇప్పుడెందుకు నాయనా అన్నాడు. మామ కదల్లేదు. నేనూ కుర్చీలోంచి కదల్లేదు. ఎవరికి అని నేనూ అడిగాను. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని రగిలిన మంటంతా ఆ పిల్ల మీదే కదా పోశాను, అది ఎవరి మీద పోయాల్సిందో ఆ పేరు వినాలి నాకు.

"కల్పనకు" అన్నాడు.

ఆ పేరు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నా పేరును మా ఆయన ఒక్కసారి కూడా అంత మెత్తగా పలకలేదు.